అబ్రహాం లింకన్ – రెండు వైపులా చూద్దాం

అమెరికాలో బానిసలకు విముక్తి కలిగించింది ఎవరని క్విజ్‌లో అడిగితే మనమందరం లింకన్ అని టక్కున చెప్పేస్తాం. మార్కు కూడా పడుతుంది. కానీ ఆయన జీవితం మొత్తం చదివితే ఆ ఒక్క జవాబు చాలదని తెలుస్తుంది.

బాల్యం

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో, దుంగలతో కట్టిన ఒంటిగది ఇంట్లో పుట్టాడు. తండ్రి రైతు, వడ్రంగం కూడా తెలుసు. తొమ్మిదో ఏట తల్లి చనిపోయింది. సవతి తల్లి సారా ఆయన్ని కన్నకొడుకులా చూసుకుంది. బడికి వెళ్లిన రోజులన్నీ కలిపినా ఏడాది కూడా ఉండవు. చెట్లు కొడుతూ, పొలం పని చేస్తూ, అడిగి తెచ్చుకున్న పుస్తకాలు చదివేవాడు. ఒకసారి అట్లా తెచ్చిన పుస్తకం వానకు తడిసి పాడైపోతే, పుస్తకం గలాయన పొలంలో పనిచేసి బాకీ తీర్చాడు. తర్వాత కొట్లో గుమాస్తాగా, పోస్టుమాస్టరుగా, భూములు కొలిచే సర్వేయరుగా పనిచేశాడు. తనంతట తానే చట్టాలు చదువుకొని 1836లో లాయరు అయ్యాడు.

బానిసత్వం

అప్పట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లను సంతలో పశువుల్లాగా అమ్మేవాళ్లు. తల్లిని ఒకరికి, బిడ్డను మరొకరికి అమ్మినా అడిగే దిక్కు లేదు. 1860 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 40 లక్షల మంది ఉన్నారు. దక్షిణాది పత్తి వ్యాపారమంతా వాళ్ల చెమట మీదే నడిచేది.

బానిసత్వం అన్యాయమని లింకన్ మొదటినుంచీ నమ్మాడు. అది కొత్త ప్రాంతాలకు పాకకూడదని వాదించాడు. అయితే 1858 సెనేటు ఎన్నికల చర్చల్లో, నల్లవాళ్లకు తెల్లవాళ్లతో సమానంగా ఓటు హక్కు ఇవ్వడానికి తాను అనుకూలం కాదని కూడా చెప్పాడు. ఈ రెండు మాటలూ ఆయనవే.

యుద్ధం

1860లో ఆయన అధ్యక్షుడుగా గెలవగానే దక్షిణ రాష్ట్రాలు విడిపోసాగాయి. చివరకు 11 రాష్ట్రాలు ఒక జట్టయ్యాయి. 1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైంది. మొదట్లో లింకన్ లక్ష్యం దేశం ముక్కలు కాకుండా చూడడమే. కానీ బానిసలు ఆయన కోసం ఎదురుచూస్తూ కూచోలేదు. వేలమంది తోటలు వదిలి, ప్రాణాలకు తెగించి, ఉత్తర సైన్యం శిబిరాలకు చేరుకున్నారు. వాళ్లను ఏం చేయాలన్న ప్రశ్న ప్రభుత్వం నెత్తిన పడింది.

1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన మీద సంతకం చేశాడు. అది తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే వర్తించింది. తన పక్షాన ఉన్న కెంటకీ, మిస్సౌరీ, మేరీలాండ్, డెలావేర్ రాష్ట్రాల బానిసలకు వర్తించలేదు. అయినా ఆ ప్రకటనతో నల్లవాళ్లకు సైన్యం తలుపులు తెరుచుకున్నాయి. సుమారు 1,80,000 మంది చేరి పోరాడారు. మొదట వాళ్లకు తెల్ల సైనికుల కంటే తక్కువ జీతం ఇచ్చారు. ఒకప్పుడు బానిసగా ఉండి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1863లో నేరుగా లింకన్‌ను కలిసి ఈ అన్యాయం గురించి అడిగాడు. 1864లో సమాన జీతానికి చట్టం వచ్చింది.

రెండో వైపు

మనం ఆదివాసి పిల్లలం కాబట్టి ఈ సంగతి ఆగి చదవాలి. మిన్నెసోటాలో డకోటా అనే ఆదివాసులు ఉండేవాళ్లు. ఒప్పందాల పేరుతో వాళ్ల భూములు తీసుకున్నారు. ఇస్తామన్న డబ్బు 1862లో సమయానికి ఇవ్వలేదు. ఆకలి పెరిగింది, వర్తకులు అప్పు ఇవ్వమన్నారు. ఆగస్టులో డకోటాలు తిరగబడ్డారు. ఆ పోరులో తెల్ల కుటుంబాల వాళ్లు కూడా వందల్లో చనిపోయారు. తర్వాత సైనిక కోర్టు 303 మందికి మరణశిక్ష వేసింది. కొన్ని విచారణలు కొద్ది నిమిషాల్లోనే ముగిశాయట.

లింకన్ ఆ కాగితాలు తెప్పించి పరిశీలింపజేసి చాలామంది ఉరి ఆపాడు. అందరినీ ఉరితీయాలని పట్టుబట్టినవాళ్లకు ఇది నచ్చలేదు. అయినా 1862 డిసెంబరు 26న మాంకాటోలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. అమెరికా చరిత్రలో ఒకేసారి అంతమందికి ఉరి మరెప్పుడూ పడలేదు. విముక్తి ప్రకటన వచ్చింది దీనికి ఆరు రోజుల తర్వాత. మరుసటి ఏడాది డకోటాలను మిన్నెసోటా నుంచే వెళ్లగొట్టారు.

చివరి రోజులు

బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణ కోసం లింకన్ గట్టిగా పట్టుబట్టాడు. 1865 జనవరి 31న ప్రతినిధుల సభలో అది నెగ్గింది. ఏప్రిల్ 11న ఆఖరి ఉపన్యాసంలో, తెలివైన నల్లవాళ్లకూ సైనికులకూ ఓటు ఉంటే బాగుంటుందన్నాడు. 1858 నాటి మనిషి ఎంత దూరం నడిచాడో చూడండి! ఆ మాట విన్న జనంలో జాన్ విల్క్స్ బూత్ ఉన్నాడు. ఏప్రిల్ 14 రాత్రి నాటకశాలలో లింకన్‌ను కాల్చాడు. మర్నాడు ఉదయం ఆయన కన్నుమూశాడు. డిసెంబరులో సవరణ అమల్లోకి వచ్చింది గానీ, చూడడానికి ఆయన లేడు.

మరి గొప్పవాడా, కాదా?

1876లో లింకన్ విగ్రహం ఆవిష్కరించినప్పుడు డగ్లస్ పొగడ్తలతో సరిపెట్టలేదు. లింకన్ ముందుగా తెల్లవాళ్ల అధ్యక్షుడేనని మొహమాటం లేకుండా చెప్పాడు. ఆనాటి దేశం పరిస్థితిని బట్టి చూస్తే ఆయన చేసింది చాలా పెద్ద పని అని కూడా ఒప్పుకున్నాడు. మన దేశంలో జ్యోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరీ పుస్తకాన్ని, బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు.

నాకు అనిపించేది ఇది. లింకన్ గొప్పతనం మారగలగడంలో ఉంది. బానిసల తెగువ, డగ్లస్ లాంటివాళ్ల నిలదీత ఆయన్ని మార్చాయి. డకోటాల తరఫున ఆయన ముందు అట్లా నిలబడి గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. కాబట్టి హక్కు కావాలంటే మంచి నాయకుడొక్కడే చాలడు, అడిగేవాళ్లు కూడా ఉండాలి. అడగడానికి చదువు కావాలి.

మీరేమంటారు? అనుకూలంగా గానీ, వ్యతిరేకంగా గానీ ఒక పేజీ రాసివ్వండి. వచ్చే సంచికలో రెండూ పక్కపక్కనే అంటిద్దాం.