లియొనార్డో డావిన్సి

లియొనార్డో డావిన్సి (ఏప్రిల్ 15, 1452 - మే 2, 1519) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు. యంత్రనిర్మాణం, శరీర నిర్మాణశాస్త్రం వంటి విషయాలలో కూడా కృషి చేశాడు. మోనాలిసా, కడరా భోజనం ఇతని చిత్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైనవి. వీటిలో రెండవది గోడపై చిత్రించినది కావడం వల్ల, చూడగోరినవారు మిలాన్ నగరానికే వెళ్ళవలసి ఉంటుంది.

బాల్యం, విద్య

లియొనార్డో ఫ్లోరెన్స్ నగరానికి సమీపంలోని విన్సి ప్రాంతంలో జన్మించాడు. తండ్రి సెర్ పియెరో నోటరీ. తల్లి పేరు కాతెరీనా. ఫ్లోరెన్స్‌లో వెర్రోకియో అనే శిల్పి, చిత్రకారుని వద్ద శిష్యరికం చేశాడు. 1482 ప్రాంతంలో మిలాన్ చేరి, పాలకుడు లుడోవికో స్ఫోర్జా ఆశ్రయం పొందాడు.

కడరా భోజనం

లుడోవికో కోరికపై సాంతా మరియా డెల్లె గ్రాజియె అనే డొమినికన్ మఠంలో, సన్యాసుల భోజనశాల గోడపై, సుమారు 1495 - 1498 మధ్య ఈ చిత్రాన్ని గీశాడు. దీని ఎత్తు 460 సెం.మీ., వెడల్పు 880 సెం.మీ. శిష్యులలో ఒకడు తనను శత్రువులకు అప్పగిస్తాడని ఏసుక్రీస్తు తెలిపిన క్షణమే ఇందలి ఇతివృత్తం. పన్నెండుమంది శిష్యులు ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులుగా కలవరపడుతుండగా, క్రీస్తు నడుమ ప్రశాంతంగా కూర్చుని ఉంటాడు.

తడి సున్నపు పూతపై గీసే ఫ్రెస్కో పద్ధతిలో పూత ఆరేలోగా పని ముగించాలి. లియొనార్డో నిదానంగా ఆలోచించి, మార్పులు చేసుకుంటూ గీసేవాడు. అందుచేత పొడి గోడపై గుడ్డుసొన, నూనె కలిపిన రంగులు వాడాడు. ముఖాలలో సూక్ష్మమైన భావాలు పలకడానికి ఈ పద్ధతి తోడ్పడింది. కాని రంగు గోడను గట్టిగా పట్టుకోలేదు.

చివరి రోజులు

1499లో మిలాన్ ఫ్రెంచివారి వశం కాగా లియొనార్డో ఆ నగరాన్ని విడిచాడు. 1516లో ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ ఆహ్వానంపై ఆ దేశానికి వెళ్ళాడు. 1517 అక్టోబరులో కార్డినల్ లుయీజీ అక్కడ ఇతనిని దర్శించాడు. ఆయన కార్యదర్శి ఆంటోనియో డి బియాటిస్ అదే డిసెంబరులో మిలాన్‌లో కడరా భోజనాన్ని చూసి, అది పాడవుతున్నదని తన యాత్రా దినచర్యలో వ్రాశాడు. అనగా చిత్రకారుడు జీవించి ఉండగానే చిత్రం శిథిలం కాసాగింది. లియొనార్డో 1519లో ఆంబ్వాజ్‌లో మరణించాడు.

చిత్రం తరువాతి చరిత్ర

1652లో గోడకు ద్వారం తెరవడంతో చిత్రంలోని క్రీస్తు పాదాలు పోయాయి. 1943 ఆగస్టులో బాంబుదాడికి భోజనశాల కప్పు కూలినా, ఇసుక బస్తాల రక్షణ ఉన్న ఈ గోడ నిలిచింది. 1978లో పీనిన్ బ్రాంబిల్లా బార్చిలోన్ ఆధ్వర్యంలో మొదలైన పునరుద్ధరణ 1999లో ముగిసింది. మఠాన్ని, చిత్రాన్ని 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సందర్శన

టిక్కెట్టు ముందుగా తీసుకోవాలి. ధూళి, తేమ చేరకుండా సందర్శకులను చిన్న బృందాలుగా, మూసిన గదుల మీదుగా లోపలికి పంపుతారు. చూడడానికి ఇచ్చే సమయం 15 నిమిషాలు. ఎదుటి గోడపై మోంతోర్ఫానో 1495లో ఫ్రెస్కో పద్ధతిలో గీసిన క్రీస్తు సిలువ చిత్రం ఉంది. దాని రంగులు నేటికీ చాలావరకు చెక్కుచెదరలేదు. ఆ రెండు గోడలను పోల్చి చూస్తే, లియొనార్డో ఎంచుకున్న పద్ధతి వలన కలిగిన లాభమూ నష్టమూ బోధపడతాయి.