హాస్టళ్ళు పెట్టించిన రాజు

మన గోడ పత్రికలో ఎప్పుడూ గాంధీ తాత, అల్లూరి, కొమురం భీం గురించే రాస్తున్నాం. ఈసారి నేను కొల్హాపూర్ రాజు సాహూ మహారాజ్ జీవితం రాస్తున్నాను. కొల్హాపూర్ మహారాష్ట్రలో ఉంది. మనం హాస్టల్ పిల్లలం గనుక ఈయన సంగతి మనకు తెలియాలి.

ఆయన 1874 జూన్ 26న జన్మించారు. అసలు పేరు యశ్వంతరావు. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. 1884లో కొల్హాపూర్ రాజవంశం వారు దత్తత తీసుకున్నారు. 1894లో గద్దె ఎక్కారు. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

రాజైనా ఆయనకు కులం బాధ తప్పలేదు. పంచగంగ నదిలో స్నానం చేసేటప్పుడు పురోహితుడు వేదమంత్రాలు చదవలేదు, శూద్రులకు చదవకూడదట. రాజుకే అట్లుంటే మామూలోళ్ళ గతి ఏంది? 1902లో తన రాజ్యంలో ఖాళీ అయ్యే ఉద్యోగాల్లో సగం వెనుకబడిన వాళ్ళకే ఇవ్వాలని ఆజ్ఞ వేశారు.

అయితే చదువు లేకుంటే ఉద్యోగం ఎట్ల వస్తది? పల్లెటూరి పిల్లలు కొల్హాపూర్ వస్తే తిండికీ పండుకోడానికీ చోటు లేదు. అందుకని హాస్టళ్ళు పెట్టించారు. 1901లో మరాఠాలకు, జైనులకు, తర్వాత ముస్లింలకు, 1908లో అంటరానివారన్న పిల్లలకు. ఇట్ల కులానికొకటి, మతానికొకటి లేచినయి. వేరువేరుగా ఎందుకు అని నాకు మొదట నచ్చలేదు. కానీ అంతకుముందు అందరికీ కలిపి ఒకటి పెడితే దాంట్లో పై కులం పిల్లలే మిగిలారట.

1917లో ప్రాథమిక విద్య ఉచితం, తప్పనిసరి చేశారు. పిల్లల్ని బడికి పంపని తల్లిదండ్రులకు నెలకు ఒక రూపాయి జరిమానా. ఆ రోజుల్లో రూపాయంటే చాలా ఎక్కువ. మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. ఈ జరిమానా ముచ్చట చెప్తే మా అవ్వ నవ్వింది, మా ఊళ్ళో ఆ లెక్కన అందరూ కట్టాల్సిందే అన్నది.

అన్నిటికన్నా పెద్ద పని 1919లో చేశారు. అప్పటిదాకా అంటరాని పిల్లలకు సర్కారువే వేరే బడులు ఉండేవి. దసరా నుంచి వాటిని మూసేసి, ఆ పిల్లల్ని మామూలు సర్కారు బడుల్లో అందరితో కలిపి కూర్చోబెట్టాలని ఆజ్ఞ ఇచ్చారు. అంటే పండుకునే చోటు వేరైనా చదువుకునే చోటు ఒక్కటే.

ఇక్కడ నాకు మన బడి గుర్తొచ్చింది. మన హాస్టలూ బడీ ఒకే కాంపౌండులో ఉన్నయి, అందరం గిరిజన పిల్లలమే. మా ఊరి పిల్ల ఒకామెకు లాటరీలో పేరొచ్చి టౌన్లో ప్రైవేటు బడికి పోయింది, ఫీజు సర్కారే కడతది. ఆమె మంచిగ చదువుతున్నది, నాకు సంతోషమే. కానీ చీటీ రాని మనందరి సంగతి ఏంది? సాహూ మహారాజ్ చీటీలు తియ్యలేదు, బడి తలుపే తెరిచారు. మా సోషల్ సారేమో, మన భాషోళ్ళ మధ్య ఉంటేనే ముందు భయం పోతదంటారు. అది కూడా నిజమే. నేను ఆరో తరగతిలో ఇక్కడికొచ్చినప్పుడు మన కోయ మాట్లాడే అక్కలు లేకుంటే వారంలో ఇంటికి పారిపోయేదాన్ని.

ఇంకొకటి చెప్పాలి. గంగారాం కాంబ్లే అనే ఆయన రాజుగారి దగ్గర పనిచేసేవాడు. పై కులపోళ్ళ నీళ్ళతొట్టి ముట్టుకున్నాడని అతన్ని కొట్టారు. రాజుగారు డబ్బులిచ్చి టీ హోటలు పెట్టించారు. ఎవరూ రాకుంటే తనే బండి ఆపి, అందరూ చూస్తుండగా అక్కడ టీ తాగారు. వేట మీద బతికే ఫాసె పార్ధీలను అప్పట్లో దొంగల జాతి అనేవాళ్ళు. వాళ్ళకు కూడా పని, ఇళ్ళు ఇచ్చారు.

1920లో మాణ్‌గావ్ సభలో అంబేద్కర్ గారితో కలిసి పాల్గొన్నారు. 1922 మే 6న బొంబాయిలో చనిపోయారు. వయసు 47 ఏళ్ళే. ఆయన నాటి హాస్టళ్ళు కొన్ని కొల్హాపూర్‌లో ఇప్పటికీ ఉన్నాయి, పిల్లలు ఉంటున్నారు.

– 9వ తరగతి విద్యార్థిని