నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు: కాటన్ దొర జీవితం



మన తోటల్లో రసాలు పండి, పిల్లల చొక్కాలన్నీ మామిడి మరకలయ్యే మే నెలలోనే, 15వ తేదీన ఒక పుట్టినరోజు వస్తుంది. ఆ రోజు గోదావరి జిల్లాల్లో సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలకు దండలు వేస్తారు. నూజివీడు వైపు ఆ సందడి అంతగా ఉండదు. కారణం మీకు తెలిసిందే. ఆనకట్టల కాలువలు పల్లపు నేలకు వెళ్లాయి, మనది మెరక. మన మామిడి వాన మీద, చెరువు మీద, బోరు మీద బతుకుతోంది. అయినా ఈ నెల ఆయన గురించే రాస్తున్నాను. మన ఇళ్లలో పిల్లలు అడిగే ఒక ప్రశ్నకు ఆయన జీవితంలో మంచి జవాబు దొరుకుతుంది.

ఆ ప్రశ్న ఇది: సైన్స్ పుస్తకాన్ని నమ్మాలా, దేవుణ్ణి నమ్మాలా? నేను ఆదివారం చర్చికి వెళ్లి, సోమవారం క్లాసులో సైన్స్ చెప్పే టీచర్‌ని. కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మీరు గుడికి వెళ్లేవారైనా, మసీదుకు వెళ్లేవారైనా, మీ పిల్లలూ ఏదో ఒక రోజు దీన్ని అడుగుతారు. రెండింట్లో ఒకటి వదులుకోవాలేమో అని పిల్లలు భయపడతారు. కాటన్ దేన్నీ వదులుకోలేదు.

ఆయన 1803లో ఇంగ్లండులో పుట్టారు. పదిహేనేళ్లకే ఈస్టిండియా కంపెనీ వారి సైనిక విద్యాలయంలో చేరి, 1821లో ఇంజినీరుగా మద్రాసు వచ్చారు. మొదటి బర్మా యుద్ధంలో పనిచేశారు. యువకుడిగా ఉన్నప్పుడే క్రైస్తవ విశ్వాసం ఆయనలో బలపడింది. చివరిదాకా ప్రార్థన మానలేదు. అలాగే కొలతా మానలేదు. నది వెడల్పు, వాలు, వరద మట్టం, వేసవి మట్టం అన్నీ స్వయంగా చూసి లెక్క రాసుకునే మనిషి.

ఆయనకు అసలైన పాఠశాల కావేరి. అక్కడ సుమారు రెండువేల ఏళ్ల కిందట కరికాల చోళుడు కట్టించాడని చెప్పే కల్లణై ఉంది. ఇసుక నదిలో, అడుగున బండరాయి లేకుండా, అన్ని వరదలకూ అది ఎలా నిలిచింది? కాటన్ దాన్ని శ్రద్ధగా పరిశీలించారు. బరువైన రాళ్లు ఇసుకలోకి దిగి, దిగి, ఒకచోట కుదురుకున్నాక వాటినే పునాదిగా చేసుకోవచ్చని గ్రహించారు. ఆ నేర్పు ఈ దేశపు పాతకాలం పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని తర్వాత బాహాటంగానే రాశారు. పాలించే జాతి మనిషి ఆ రోజుల్లో అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. తనది కాని విద్యను తనదని చెప్పుకోకపోవడం కూడా విశ్వాసంలో భాగమేనని నాకు అనిపిస్తుంది. 1830లలో ఆయన అక్కడ కొల్లడం నది మీద కట్టిన ఆనకట్టలు తంజావూరు పొలాలను నిలబెట్టాయి.

ఇక మన ప్రాంతం సంగతి. 1832-33లో వచ్చిన నందన కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. గుంటూరు ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. తర్వాత 1839లో కోరంగి మీద ఉప్పెన పడింది. ఒకవైపు జనం ఆకలితో చస్తుంటే, మరోవైపు కృష్ణా గోదావరుల నీరు ఏటా సముద్రంలోకి పోతూనే ఉంది. అది తలరాత అని కాటన్ సరిపెట్టుకోలేదు. దేవుడు నీళ్లు ఇచ్చాడు, వాటిని పొలానికి తేవడం మనిషి పని అన్నదే ఆయన నమ్మకం. 1844లో గోదావరి మీద నివేదిక పంపారు. జాలి ఒక్కటే పై అధికారులను కదిలించదని ఆయనకు తెలుసు. అందుకే ఎంత ఖర్చవుతుందో, శిస్తు ఎంత పెరుగుతుందో కూడా లెక్క కట్టి చూపించారు.

1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. ఆనకట్ట అంటే నీటిని నిలవ చేసే పెద్ద డ్యామ్ కాదు. నదికి అడ్డంగా కట్టిన పొట్టి గోడ. వరదొస్తే నీరు దాని మీదుగా పొర్లిపోతుంది. వరద తగ్గాక నది మట్టం మరీ దిగిపోకుండా ఆ గోడ నిలబెడుతుంది. అలా కాలువ మొదట్లోకి ఎక్కిన నీరు, అక్కడి నుంచి పల్లం వెంట తనంతట తానే వెళ్తుంది. పంపు లేదు, కరెంటు లేదు. లంకల మధ్య నాలుగు పాయలుగా చీలిన నదిని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర నాలుగు ముక్కలుగా కట్టారు. పక్కనున్న కొండ రాయినే వాడారు. వేలమంది కూలీలు పనిచేశారు. వాళ్లను సమకూర్చి పని నడిపించడంలో వీణెం వీరన్న గారు కాటన్‌కు కుడిభుజం. మధ్యలో ఎండదెబ్బకు ఆరోగ్యం చెడి కాటన్ సెలవు మీద వెళ్తే, కెప్టెన్ ఓర్ పనిని ఆగనివ్వలేదు. 1852కి ఆనకట్ట పూర్తయింది. అదే ఓర్ అదే పద్ధతిలో 1855 నాటికి బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. పాత ఆనకట్టల స్థానంలో ఇప్పుడు బ్యారేజీలు వచ్చాయి. ధవళేశ్వరం బ్యారేజీ ఈరోజు పది లక్షల ఎకరాలకు నీరిస్తోంది. దానికి ఆయన పేరే పెట్టారు.

ఆయన లెక్క ప్రతిసారీ నెగ్గిందని మాత్రం చెప్పను. ఆయన గట్టిగా సమర్థించిన కర్నూలు-కడప కాలువ కట్టిన కంపెనీకి నష్టం తెచ్చింది. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనాల్సి వచ్చింది. రైళ్ల కంటే పడవ కాలువలకే ఎక్కువ డబ్బు పెట్టాలని ఆయన జీవితాంతం వాదించారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆ వాదన వినిపించారు. అందులో ఆయన గెలవలేదు. నీతి, నిజాయితీ ఉన్నంత మాత్రాన అంచనాలు వాటంతట అవే సరిపోవు. నీరు ఎవరి భక్తినీ చూడదు, వాలునే చూస్తుంది.

రిటైరయ్యాక ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్లో ఉంటూ, ముసలితనంలో కూడా నేలను లోతుగా దున్ని గోధుమ దిగుబడి పెంచే ప్రయోగాలు చేశారు. 1899లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. గోదావరి స్నానం వేళ ఆయన్ని స్మరించే శ్లోకం ఒకటి ఆ ప్రాంతంలో ఇప్పటికీ ప్రచారంలో ఉంది. చర్చికి వెళ్లిన మనిషిని గోదావరి గట్టు మీద పురోహితులు తలచుకోవడం మన తెలుగు నేలకే గర్వకారణం.

ఈ కథలో మరో పాత్ర ఉంది. ఆయన కూతురు ఎలిజబెత్, పెళ్లయ్యాక లేడీ హోప్. తండ్రి జీవిత చరిత్రను 1900లో ప్రచురించింది ఆమే. అందుకు మనం ఆమెకు రుణపడి ఉన్నాం. అయితే 1915లో ఆమె పేరు మీద ఒక అమెరికా క్రైస్తవ పత్రికలో ఇంకో కథ అచ్చయింది. పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ చివరి రోజుల్లో బైబిల్ చదువుతూ, తన సిద్ధాంతం గురించి బాధపడ్డారని దాని సారాంశం. అప్పటికి డార్విన్ పోయి 33 ఏళ్లు. తండ్రి చివరి క్షణాల్లో పక్కనే ఉన్న డార్విన్ కూతురు హెన్రియెట్టా 1922లో దాన్ని పూర్తిగా ఖండించింది. లేడీ హోప్ డార్విన్‌ను ఎప్పుడో కలిసి ఉండవచ్చు అనే చరిత్రకారులు కూడా ఆ మనసు మార్పు కథను ఒప్పుకోరు. అయినా అది చావలేదు. కరపత్రాల్లో తిరిగింది, ప్రసంగాల్లో తిరిగింది, ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోంది.

ఆమె ఉద్దేశం చెడ్డదని నేను అనను. కానీ దేవుణ్ణి నమ్మేవాళ్లకు ఇలాంటి ఆసరా ఎందుకు? డార్విన్ చెప్పింది సరైనదా కాదా అన్నది శిలాజాలను, జీవులను చూసి తేల్చాల్సిన మాట. మంచం మీద ఆయన ఏమనుకున్నారన్న దాన్ని బట్టి అది మారదు. ఆ కథ నిజమైనా సరే, ఆ లెక్క మారేది కాదు. కాటన్ ప్రార్థన చేసుకుని, తర్వాత నది దగ్గరికి వెళ్లి కొలిచారు. ప్రార్థనను కొలతకు బదులుగా ఎప్పుడూ వాడలేదు. విశ్వాసం ఉన్న ఇంట్లో సైన్స్ చదివే పిల్లవాడికి నేను చూపించగలిగిన దారి ఇదే.

కాబట్టి ఈ సెలవుల్లో మీకు చిన్న పని. మీ ఫ్యామిలీ గ్రూపులోకి దేవుడి పేరుతోనో, సైన్స్ పేరుతోనో ఏదైనా మెసేజ్ వస్తే, పంపే ముందు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, అప్పుడు అక్కడ ఎవరున్నారు అని వాళ్లనే అడగమనండి. మన మతానికి మేలు చేసే మెసేజ్‌ను ఇంకాస్త గట్టిగా అడగాలి.

ఏలూరు వెళ్లినప్పుడు వీలైతే కాలువ దగ్గర కాసేపు ఆగండి. బెజవాడ నుంచి వచ్చే కృష్ణ కాలువ, విజ్జేశ్వరం నుంచి వచ్చే గోదావరి కాలువ ఆ ఊళ్లోనే కలుస్తాయి. అక్కడ నిలబడి, ఈ నీళ్లు మన మామిడి తోటల దాకా ఎందుకు రావో పిల్లల్ని అడగండి. జవాబు వెంటనే చెప్పేయకండి. కాసేపు ఆలోచించనివ్వండి.