మూసీని కట్టడిచేసిన మహామతి

పట్టణమునకు మేడలు కట్టుట ఒకయెత్తు; ఆ మేడలు నీటిపాలు గాకుండ కాచుట వేఱొకయెత్తు. మొదటి పని చేసినవారి పేళ్లు శిలాఫలకములపై నుండును. రెండవ పని చేసినవారిని ఆపద తప్పిన మఱునాడే జనులు మఱతురు. అట్లు మఱవరాని మహనీయులు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. హైదరాబాదు నగరము వారికి పడిన ఋణమెట్టిదో పాఠకులకు విన్నవింపదలచితిమి.

వారి యింటిపేరే తెలుగునేల నుండి వచ్చినది. పూర్వులు మోక్షగుండగ్రామము విడిచి మైసూరుసీమకు వలసపోయిరి. అచ్చటి ముద్దేనహళ్లిలో 1861వ సంవత్సరమున విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. తండ్రి సంస్కృతపండితుడు, కుమారుడు పెద్దవాడు కాకమునుపే గతించెను. పిల్లలకు పాఠములు చెప్పి పొట్టపోసికొనుచు బాలుడు బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో పట్టము గడించి, పూనాలో యింజనీరు విద్య ముగించెను. 1884లో బొంబాయి సర్కారు కొలువున చేరి, సింధునదీతీరమున సుక్కూరు పట్టణమునకు మంచినీటి వసతి కల్పించెను. 1903లో ఖడక్‌వాస్లా జలాశయమున తమంత తామే తెఱచుకొని మూసికొను తలుపుల నమర్చెను. ఇంత నేర్పున్నను, ఆ కాలమున అగ్రపదవి భారతీయునకు దుర్లభముగ నుండెను. వారు ఆ కొలువు విడిచిరి.

అంతలో హైదరాబాదునకు విపత్తు మూడెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరముపై బడెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. వంతెనలును పేటలును కొట్టుకొనిపోయెను. అఫ్జల్‌గంజ్ చెంత నొక చింతచెట్టు నాశ్రయించి నూటయేబదిమంది వఱకు ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నిలిచియున్నది.

నిజాముప్రభుత్వము పిలువగా విశ్వేశ్వరయ్యగారు 1909లో వచ్చిరి. వారు ముందుగ గోడలు కట్టింపలేదు, నీటిని లెక్కించిరి. వాన యెంత కురిసినది, ఆ నీరు ఏదారిని వచ్చినది, ఏ చెఱువు ఏల తెగినది అని విచారించిరి. ఎగువప్రాంతపు 788 చెఱువులలో 221 తెగినవని తేలెను. ఒకదాని నీరు మఱియొకదానిపై బడి, గొలుసుకట్టుగా కట్టలు తెగుటచే వాన ప్రళయముగ మాఱెను. కావున నగరమున నెంత గోడ కట్టినను చాలదనియు, వఱదను ఎగువనే నిలిపి మెల్లగ విడువవలెననియు వారు నిర్ణయించిరి. ఆ యోచన ననుసరించి మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరమును, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరమును సిద్ధమయ్యెను. వఱదను అడ్డుకొన్న ఆ జలాశయములే నగరమునకు త్రాగునీరు నిచ్చినవి.

నదియొడ్డున గోడలు, బాటలు, ఉద్యానములు ఉండవలెననియు, మురుగునీటికి కాలువలు వేయవలెననియు వారు సూచించిరి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధిసంఘము ఇరుకుసందులను తొలగించి విశాలవీథులను తీర్చెను. పత్తర్‌గట్టి రాతియంగళ్లను లేపెను. పేదలకు క్రొత్తయిండ్లను కట్టించెను. తాతతండ్రుల గడపను విడుచుట ఎవరికిని సుఖము గాదు. అయినను ఒక గూడు తీసినచోట మఱియొక గూడు నీయవలెనను ధర్మమును ఆనాటివారు గుర్తించిరి.

అటుపిమ్మట విశ్వేశ్వరయ్యగారు 1912 మొదలు 1918 వఱకు మైసూరునకు దివానుగ నుండిరి. 1955లో భారతరత్న బిరుదము నందిరి. నూరేండ్లు దాటిన పిదప 1962లో అస్తమించిరి.

వారి పాఠమును మన మెంతవఱకు నిలిపితిమి? ఆ రెండు జలాశయముల చుట్టును పది కిలోమీటర్లలోపల పెద్దకట్టడములను 1996లో ప్రభుత్వము నిషేధించెను. 2022లో ఆ కట్టుబాటును తొలగింపబూనెను. 2020 అక్టోబరులో వానకు నగరపుపేటలు మఱల మునిగెను. 2024లో మూసీగర్భమునందలి ఇండ్లను తీసివేయ నారంభింపగా పేదలు వీథిని బడి విలపించిరి. నదిలో గుడిసె వేసినవాడు గత్యంతరము లేక వేసెను. చెఱువుశిఖమును తుండ్లుగ కోసి అమ్మినవాడును, కొన్నవాడును, దానికి ముద్ర వేసిన యధికారియు ఏ గతి లేక చేసిరి? మా పాఠకులలో భూములున్నవారు గలరు. ఈ ప్రశ్న వారికి కటువుగ దోచవచ్చును. అయినను అడుగక తప్పదు.

నగరము పెరుగవలదని మేమనుట లేదు. విశ్వేశ్వరయ్యగారును అట్లనలేదు. ముందు నీటికి చోటిచ్చి, పిదప మనుష్యునకు చోటు చూపిరి. ఆ వరుసను తలక్రిందు చేసినచో నీరు తన చోటును తానే వెదకికొనును. అప్పుడు ఆశ్రయమిచ్చుటకు ఊరినిండ చింతచెట్లు లేవు.