గాడిలో నిలిచిన గళము

దొనకొండ, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములందు పౌరాణిక నాటకము ఒకప్పుడు రాత్రి భోజనములైన పిదప మొదలై తెల్లవాఱువఱకు సాగుచుండెడిది. ఇది ఆ సీమకే ప్రత్యేకము కాదు. ఆంధ్రదేశమంతటను అదే మర్యాద. మైకులు లేని ఆ దినములలో నటుని గొంతు కట్టకడపటి చాప వఱకు పోవలసియుండెను. అందుచే పద్యమును హెచ్చు శ్రుతిలో నెత్తుకొని, పాదాంతమున రాగమును సాగదీసి, వన్సుమోరు కొట్టించుకొనుట పరిపాటి యయ్యెను. అది దూరమునకు తగిన గానము. తరువాత మైక్రోఫోను వచ్చి గాయకుని పెదవులకు చేరువన నిలిచెను. అంత దగ్గఱనుండి వినెడి చెవికి కేక అక్కఱలేదు, అక్షరము కావలయును. తెలుగు పద్యమునకు అట్టి క్రొత్త గొంతును సమకూర్చినవాడు ఘంటసాల వేంకటేశ్వరరావు.

ఆయన 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ చేరువనున్న చౌటపల్లిలో జన్మించెను. తండ్రి సూర్యనారాయణ, తల్లి రత్తమ్మ. తండ్రి మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడెడివాడు. పసివాడైన కుమారుని భుజముపై నెక్కించుకొని భజనలకు తీసికొనిపోయెడివాడు. ఆ తరంగములకు బాలుడు చేయు నృత్యమును చూచి జనులు బాలభరతుడని ముచ్చటపడిరి. అయితే ఆ తండ్రి కుమారుని బాల్యముననే గతించెను. తన కొడుకు గొప్ప సంగీతవిద్వాంసుడు కావలయుననునదే ఆయన కడపటి కోరిక.

ఆ కోరిక బాలుని ఊరిలో నిలువనీయలేదు. వ్రేలి యుంగరము నమ్ముకొని విజయనగరము చేరెను. అచ్చటి మహారాజావారి సంగీత కళాశాలకు అప్పుడు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు అధ్యక్షులు. ఉండుటకు చోటును, తినుటకు తిండియు లేక వచ్చిన కుఱ్ఱవానిని సాలూరు చినగురువుగారని పేరొందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి, తమ యింట నుంచుకొని విద్య గఱపిరి. ఘంటసాల జోలె పట్టి మధుకరముచే ఆకలి తీర్చుకొనుచు చదివెను. ఇంటింటికి తిరిగిన ఆ జోలెను ఆయన తరువాత ఎన్నడును దాచుకొనలేదు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని చెఱసాలకు పోయెను. 1944లో సావిత్రిగారితో వివాహమయ్యెను. సముద్రాల రాఘవాచార్యులుగారి ప్రోత్సాహముతో మద్రాసు చేరి, ఆకాశవాణిలో పాడుచు, చిత్రములలో బృందగానములందు గొంతు కలుపుచు కాలము గడపెను. గ్రామఫోను కంపెనీవారు మొదట ఆయన గొంతును వలదనిరని ప్రతీతి. పిదప పేకేటి శివరాంగారు పూనుకొని ఆయనచే పాడించి రికార్డులు వెలువరించిరి.

ఒక గొంతు మైకునకు తగినదా కాదా యను విచారణ ఊరక పుట్టినది కాదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆనాటి లక్కపళ్లెమును తలచుకొనవలయును. ధ్వని హెచ్చినకొలది అందలి గాడి ప్రక్కలకు ఊగును. మితిమీరి ఊగిన ప్రక్కగాడిలోనికి దూసికొనిపోవును. ధ్వని తగ్గినచో సూది రాపిడి రొదలో మునిగిపోవును. ఈ రెండు ఎల్లల నడుమ దొరకునది ఇంచుమించు 30, 40 డెసిబెళ్ల చోటు మాత్రమే. ఒక ప్రక్కకు పట్టునది మూడు నిమిషములకు కొంచెము మించును. గుసగుస మొదలు ఎలుగెత్తి పాడుట వఱకు మనుష్యకంఠమునకు గల విరివి అంతకంటె ఎంతయో పెద్దది. ఏటినీటిని పిల్లకాలువకు మళ్లించునపుడు తూము కడ ఒకడు కావలి యుండవలయును గదా! స్టూడియోలో ఆ కావలి ధ్వనిముద్రకునిది. గాయకుడు గొంతెత్తబోవుచున్నాడని ముందే ఎఱిగి, బొత్తాము త్రిప్పి శబ్దమును తగ్గించుట, మెల్లనైనపుడు హెచ్చించుట ఆయన పని. చేయి ఎంత చుఱుకైనదైనను గొంతు దానికంటె చుఱుకైనది. కనుక సగము కావలి గాయకుడే కాయవలసివచ్చెడిది.

1945లో బి.ఎన్. రెడ్డిగారి ‘స్వర్గసీమ’లో భానుమతిగారితో కలిసి పాడుటతో ఘంటసాలకు చిత్రసీమలో దారి తెఱచుకొనెను. 1949లో ‘మనదేశం’, ‘కీలుగుఱ్ఱం’, 1951లో ‘పాతాళభైరవి’ ఆయనను సంగీతదర్శకునిగా నిలువబెట్టినవి. 1957 నాటి ‘మాయాబజార్’లో నాలుగు పాటలకు సాలూరి రాజేశ్వరరావుగారు వరుసలు కట్టి విరమించుకొనగా, తక్కిన సంగీతభారము ఘంటసాల వహించెను. ఆ చిత్రమునకు ఎ. కృష్ణన్, శివరాం శబ్దగ్రాహకులు.

చిత్రములలో ఆయన పద్యము పాడిన తీరు వేఱు. శ్రుతిని దించెను. ఎత్తుగడలోనే రాగచ్ఛాయను చూపి, సమాసమును విఱువవలసిన చోట విఱిచి, విఱువరాని చోట ఊపిరి బిగపట్టి, పాదాంత రాగమును కుదించెను. రంగస్థలముపై చాలసేపు సాగెడి పద్యము రెండు నిమిషములలోపల ముగిసి, అర్థముతోసహా శ్రోతకు అందెను. ఈ మార్పులో నష్టము లేకపోలేదు. నాటకములవారి రాగవిస్తారము, రాత్రిని మఱపించు ఆ తీరిక, చిత్రపద్యమున కానరావు. కాని ఛందస్సు తెలియని శ్రోతకు పద్యమును మాటవలె వినిపించుట చిన్న పని కాదు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’ ఆయన రికార్డుతో అక్షరమెఱుగని యిండ్లకును చేరెను.

పెండ్లిపందిళ్లలో ఆ రికార్డులు వినిపించినది ఇనుపగొట్టము లౌడుస్పీకరు. మంద్రమును మ్రింగివేసి, తారమును నలిపి, నడిమి స్వరములను మాత్రమే గ్రక్కు సాధనమది. అందుగుండ వచ్చియు ఆయన పలుకు చెదరకుండుటకు హల్లుల స్పష్టతయే కారణము.

ఆయన జీవితకాలముననే పశ్చిమదేశములవారు ధ్వనిముద్రకుని చేతి పనిని ఒక పెట్టెకు అప్పగించిరి. దాని పేరు కంప్రెసరు. నిర్ణయించిన హద్దును దాటిన ధ్వనిని అది తనంతట తానే అణచును. 1950ల చివర ఎస్తోనియా దేశమున పుట్టిన రైన్ నార్మా రూపొందించిన ఫెయిర్‌చైల్డ్ 670లో ఇరువది వాల్వులుండెను. జిమ్ లారెన్స్ చేసిన ఎల్.ఏ.-2ఏలో ధ్వని హెచ్చగనే ఒక చిన్న వెలుగు ప్రకాశించి, ఆ వెలుగే ధ్వనిని తగ్గించును. 1967లో బిల్ పుట్నమ్ ట్రాన్సిస్టర్లతో చేసిన 1176 సెకనులో యాబదివేలవ వంతు కాలముననే ధ్వనిని పట్టుకొనగలదు. ఆయన మరణించిన చాలకాలమునకు, 1998లో, జర్మనీలోని ఎస్.పి.ఎల్. సంస్థ ట్రాన్సియెంట్ డిజైనరు అను పెట్టెను వెలువరించెను. అది ధ్వని హెచ్చుతగ్గులను గాక, ధ్వని పుట్టుకను మలచును. మృదంగముపై వ్రేలు పడినపుడు తొలి తాకిడి యొకటి, వెనుకటి మ్రోత యొకటి. ఒక బొత్తాము తాకిడిని, రెండవది మ్రోతను పెంచుటకో తగ్గించుటకో ఉపకరించును.

ఇట్టి పెట్టెలు నేటికిని క్రొత్తక్రొత్తవి వచ్చుచునే యున్నవి. వానిని పరీక్షించువారు మొదట చేయవలసినది, పెట్టె గుండ పోయిన ధ్వనిని, పోని ధ్వనిని ఒకే బిగ్గఱతనమున ఉంచి వినుట. బిగ్గఱగా నున్నదే బాగున్నట్లు చెవి మోసపోవును. పిదప ఘంటసాల పద్యము వంటి పలుకును దానికి అప్పగించి చూడవలయును. కంప్రెసరు మఱీ త్వరగా పట్టుకొన్నచో ట, డ, క, గల తొలి విఱుపు మొద్దుబాఱును. త్వరగా వదలినచో మాట మాటకు నడుమ తంబుర శ్రుతి ఉబ్బి ఊగిసలాడును. ట్రాన్సియెంట్ పెట్టె మృదంగమునకు మేలు చేయును గాని, గొంతుపై మితిమీరి వాడిన హల్లులు టపటప కొట్టుకొనును. పాత రికార్డును మరల బిగించిన మఱియొక చిక్కు: గొంతుతోపాటు సూది రొదయు పైకి లేచును. తన ఊపిరితో ఒకసారి హద్దులో నిలిపిన గొంతును యంత్రము మరల అణచుటవలన ఒరుగునది తక్కువ.

1970లో ఆయనకు పద్మశ్రీ లభించెను. 1971లో ఐరోపాలోను అమెరికాలోను కచేరీలు చేసెను. అప్పటికే మధుమేహము, గుండెజబ్బు దేహమును క్రుంగదీసినవి. గొంతు బరువెక్కెను. ఆ దశలోనే భగవద్గీతనుండి ఎన్నిన శ్లోకములను తెలుగు తాత్పర్యముతో గానము చేసెను. యౌవనమునాటి మెఱుపు అందు లేదు. ఉన్నది తొందరపడని పలుకు. లక్కపళ్లెపు మూడు నిమిషముల కట్టడి దానికి లేదు. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్‌ప్లే రికార్డు ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములు పట్టును, రొదయు తక్కువ. జీవితమంతయు ఇఱుకు గాడికి గొంతును దిద్దుకొన్న గాయకునకు చివరకు చోటు దొరకెను. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో ఆయన కన్నుమూసెను. గీత రికార్డు ఆ తరువాతనే విడుదల యయ్యెను.