జాన్ జి. కెమెనీ

జాన్ జార్జ్ కెమెనీ (మే 31, 1926 - డిసెంబరు 26, 1992) హంగేరీలో జన్మించిన అమెరికన్ గణిత, కంప్యూటర్ శాస్త్రవేత్త. థామస్ కర్ట్జ్‌తో కలిసి 1964లో బేసిక్ అనే కంప్యూటర్ భాషను రూపొందించాడు. 1970 నుండి 1981 వరకు న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మౌత్ కళాశాలకు 13వ అధ్యక్షుడు. పేరులో కళాశాల అనే ఉన్నా డార్ట్‌మౌత్ స్థాయి విశ్వవిద్యాలయానిదే. అక్కడి అధ్యక్ష పదవిని మన ఉపకులపతి పదవితో పోల్చవచ్చును.

బాల్యం, విద్యాభ్యాసం

కెమెనీ బుడాపెస్ట్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. రాబోయే ముప్పును గ్రహించిన తండ్రి 1938లో ఒంటరిగా అమెరికా వెళ్ళి, 1940లో భార్యాబిడ్డలను న్యూయార్కుకు రప్పించుకున్నాడు. దేశం విడవడానికి అంగీకరించని తాత, మరికొందరు బంధువులు నాజీల మారణహోమంలో మరణించారు.

కొత్త దేశంలో మూడేళ్ళకే ఉన్నత పాఠశాల చదువును ప్రథముడిగా ముగించి, 1943లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువు మధ్యలో సుమారు ఏడాదిపాటు లాస్ అలమోస్‌లో అణుబాంబు పథకంలో పనిచేశాడు. అక్కడ ఈయన పై అధికారి రిచర్డ్ ఫైన్‌మన్. చిల్లుల కార్డులతో నడిచే ఐ.బి.ఎం. యంత్రాలపై షిఫ్టులవారీగా రాత్రింబవళ్ళు లెక్కలు కట్టడం వీరి పని. వాన్ నాయ్‌మన్ కొత్త తరహా కంప్యూటర్ల గురించి చెప్పిన ప్రసంగాన్ని కెమెనీ అక్కడే విన్నాడు. ఆ లెక్కలను ఒక విద్యార్థి ఒక మధ్యాహ్నంలో ముగించగలిగే రోజు రావడం తరువాతి కాలంలో ఈయనే కళ్ళారా చూశాడు.

1949లో, 23 ఏళ్ళ వయసులో, అలొంజో చర్చ్ పర్యవేక్షణలో తర్కశాస్త్రంలో డాక్టరేట్ పొందాడు. ఆ కాలంలోనే ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌కు గణిత సహాయకుడిగా ఉన్నాడు. ఐన్‌స్టీన్ లెక్కల్లో బలహీనుడు కనుక సహాయకుడు అవసరమయ్యాడనుకోవడం అపోహ మాత్రమే.

బేసిక్ భాష

1953లో డార్ట్‌మౌత్‌లో చేరిన కెమెనీ రెండేళ్ళలో గణిత విభాగానికి అధిపతి అయ్యాడు. స్నెల్, థామ్సన్‌లతో కలిసి రాసిన పరిమిత గణిత పాఠ్యపుస్తకం (1957) సామాజిక శాస్త్రాల విద్యార్థులకు సంభావ్యత, మాత్రికల వంటి విషయాలను చేరువ చేసింది.

అప్పట్లో కంప్యూటరును విద్యార్థి తాకే వీలు సాధారణంగా ఉండేది కాదు. కార్డుల కట్టను సిబ్బందికి అప్పగించి, ఫలితం కోసం గంటల తరబడి, ఒక్కోసారి మరునాటి వరకు వేచి ఉండాలి. ఒక్క చుక్క తప్పిపోతే మళ్ళీ మొదటికి వచ్చేది. గ్రంథాలయంలో ఎవరైనా పుస్తకం తీసుకున్నట్టే, కళాశాలలో ఎవరైనా కంప్యూటరును వాడుకోగలగాలని కెమెనీ, కర్ట్జ్ భావించారు. సాహిత్యం, చరిత్ర చదివేవారు కూడా ఇందులోకి వస్తారు. ఒకే యంత్రం తన సమయాన్ని పలువురికి కొద్దికొద్దిగా పంచి ఇచ్చే కాలవిభజన పద్ధతిని ఇందుకు ఎంచుకున్నారు. ఆ వ్యవస్థను నిర్మించినవారిలో అధికులు డిగ్రీ విద్యార్థులే కావడం విశేషం. బేసిక్‌కు తొలి కంపైలరును రాసినది కెమెనీ. 1964 మే 1న తెల్లవారుజామున 4 గంటలకు మొదటి బేసిక్ ప్రోగ్రాములు నడిచాయి.

భాషను ఉచితంగా అందుబాటులో ఉంచడంతో అనేక సంస్థలు తమ సొంత రూపాలను తయారుచేసుకున్నాయి. మైక్రోసాఫ్ట్ తొలి ఉత్పత్తి (1975) ఆల్టెయిర్ కంప్యూటరుకు రాసిన బేసికే. భారతదేశంలో 1984లో మొదలైన పాఠశాల కంప్యూటర్ విద్యా పథకంలో వాడిన బీబీసీ మైక్రో యంత్రాలలోనూ ఇదే భాష ఉండేది. బేసిక్ చెడు అలవాట్లు నేర్పుతుందని డైక్‌స్ట్రా వంటి శాస్త్రవేత్తలు తీవ్రంగా విమర్శించారు. చిన్న కంప్యూటర్ల కోసం కుదించిన రూపాలు కెమెనీకి, కర్ట్జ్‌కు కూడా నచ్చలేదు. 1980లలో వారిద్దరూ ట్రూ బేసిక్ పేరుతో సంస్కరించిన రూపాన్ని తెచ్చినా, అప్పటికే పాతుకుపోయిన రకాలను అది తొలగించలేకపోయింది.

కళాశాల అధ్యక్షుడిగా

1970 మార్చిలో అధ్యక్ష పదవి చేపట్టిన రెండు నెలలకే కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కాల్పులకు నలుగురు విద్యార్థులు బలయ్యారు. కెమెనీ వారంపాటు తరగతులను నిలిపివేసి, చర్చలకు అవకాశమిచ్చాడు.

1769లో స్థాపితమైన డార్ట్‌మౌత్ రెండు శతాబ్దాలపాటు పురుషుల కళాశాలగానే ఉండేది. పూర్వ విద్యార్థులలో పలువురు వ్యతిరేకించినప్పటికీ 1972లో స్త్రీలకు ప్రవేశం లభించింది. పురుషుల సీట్లు తగ్గుతాయన్న అభ్యంతరానికి కెమెనీ గణితజ్ఞుడి పరిష్కారమే చూపాడు: వేసవితో సహా సంవత్సరం పొడవునా కళాశాలను నడిపితే అవే భవనాలలో ఎక్కువమంది చదువుకోవచ్చు. ఈ ఏర్పాటు డార్ట్‌మౌత్ ప్లాన్‌గా ప్రసిద్ధి చెందింది.

స్థానిక అమెరికన్ యువకుల విద్య కళాశాల స్థాపన పత్రంలోనే పేర్కొన్న లక్ష్యం. అయినా తొలి 200 ఏళ్ళలో పట్టభద్రులైనవారు 19 మంది మాత్రమే. కెమెనీ ఆ వాగ్దానాన్ని తిరిగి చేపట్టి, వారిని ప్రత్యేకంగా చేర్చుకునే ఏర్పాట్లు చేశాడు. పదవిలో ఉన్నంతకాలం గణిత తరగతులు చెప్పడం మానలేదు.

త్రీ మైల్ ఐలాండ్ విచారణ

1979 మార్చి 28న పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ నియమించిన 12 మంది సభ్యుల విచారణ సంఘానికి కెమెనీ అధ్యక్షత వహించాడు. యంత్రలోపం కంటే మానవ, సంస్థాగత లోపాలే ప్రధాన కారణమని అక్టోబరులో ఇచ్చిన నివేదిక తేల్చింది. నియంత్రణ గదిలో ఒక్కసారిగా వందకు పైగా హెచ్చరికలు మోగితే, వాటిలో ముఖ్యమైనదేదో సిబ్బందికి తెలిసే మార్గం లేకపోయింది. సిబ్బంది శిక్షణను, పర్యవేక్షించవలసిన ప్రభుత్వ సంస్థను నివేదిక గట్టిగా తప్పుపట్టింది.

చివరి సంవత్సరాలు

పదవీ విరమణ తరువాత కెమెనీ తిరిగి పూర్తికాల అధ్యాపకుడై, 1990 వరకు బోధించాడు. 1992లో గుండె వైఫల్యంతో 66వ ఏట మరణించాడు. సహచరుడు కర్ట్జ్ 2024 నవంబరులో కన్నుమూశాడు. డార్ట్‌మౌత్‌లో గణిత విభాగం కోసం 2006లో పూర్తయిన భవనానికి కెమెనీ హాల్ అని పేరు పెట్టారు.