వింతలను విప్పి చెప్పిన విజ్ఞాని: సి. వి. రామన్

చంద్రశేఖర వేంకట రామన్ గారు పుట్టుకచే తమిళులైనను వారి బాల్యము తెలుగునేలపై గడచినదను సంగతి మనలో అనేకులు ఎరుగరు. 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో వారు జన్మించిరి. 1892లో తండ్రి చంద్రశేఖరయ్యరుగారు విశాఖపట్టణమందలి ఎ. వి. ఎన్. కళాశాలలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించుటకు రాగా కుటుంబమంతయు అచటికి తరలివచ్చెను. తండ్రిగారికి వయొలిను వాయించు అలవాటుండెను. ఇంటిలో శాస్త్రగ్రంథములు, చెవిలో వాద్యనాదము, కన్నులెదుట సముద్రము: ఈ మూడును తరువాతి జీవితమున వారి పరిశోధనకు వస్తువులైనవి. పదునొకండవ యేట మెట్రిక్యులేషను, పదుమూడవ యేట ఎఫ్. ఏ. పరీక్షయు విశాఖలోనే ముగించి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి. ఏ., 1907లో ఎం. ఏ. పట్టములు పొందిరి.

పైచదువునకు సీమకు పోవుటకు వారి దేహదార్ఢ్యము చాలదని వైద్యులు చెప్పిరి. ఆనాడు మనదేశమున శాస్త్రము చదివినవానికి తగిన ఉద్యోగమే లేదు. అందుచే ఆర్థికశాఖ పరీక్ష వ్రాసి, ప్రథములుగా నెగ్గి, 1907లో కలకత్తాలో పెద్ద గుమాస్తాగిరీ వంటి అకౌంట్ల కొలువున ప్రవేశించిరి. వీణావాదనము తెలిసిన లోకసుందరమ్మగారితో వివాహమైనదియు ఆ యేడే.

ఇచట కొంత వెనుకకు పోవలెను. కలకత్తాలో మహేంద్రలాల్ సర్కారు అను వైద్యుడు 1876లో చందాలు పోగుచేసి ఒక విజ్ఞానసభను స్థాపించెను. సామాన్యజనులు వచ్చి కూర్చుండి శాస్త్రోపన్యాసములు వినవలెను, ప్రయోగములను కన్నులార చూడవలెను, మనవారే స్వయముగా పరిశోధన చేయవలెను అనునది ఆయన కోరిక. ఫాదర్ లాఫోన్ అను బోధకుడు అచట పరికరములు చూపుచు భౌతికశాస్త్రమున ఉపన్యసించెడివాడు. ఉపన్యాసములు జరిగినవి, భవనము లేచినది, పరికరములు వచ్చినవి. కాని పరిశోధించువాడు మాత్రము రాలేదు. ఆ నిరాశతోనే సర్కారుగారు 1904లో కన్నుమూసిరి. పుస్తకములున్న బీరువా తెరచువాడు లేనిచో గ్రంథాలయకర్తకు కలుగు బాధ ఎట్టిదో మన చందాదారులకు వేరుగ చెప్పనక్కరలేదు.

మూడేండ్ల పిదప పందొమ్మిదేండ్లైన నిండని రామన్ గారు ట్రాము బండిలో పోవుచు బౌబజారు వీధిలో ఆ సభ పేరుపలకను చూచిరి. దిగి తలుపు తట్టిరి. అశుతోష్ డే అను సహాయకుడు తలుపు తెరచెను. సర్కారుగారి కుమారుడు అమృతలాలుగారు తండ్రి ఎదురుచూచిన మనిషి వచ్చినాడని సంతసించి ప్రయోగశాలను అప్పగించిరి. నాటినుండి తెల్లవారకముందే ప్రయోగశాల, పగలు కచేరీ, సాయంకాలము మరల ప్రయోగశాల: బదిలీపై రంగూను, నాగపురములలో గడపిన కాలము మినహా పదేండ్లు ఇట్లే జరిగెను.

వారు ఎన్నుకొనిన విషయములు ఏ పల్లెవానికైనను ఎరుకైనవే. మృదంగమును చూడుడు. సాదా డప్పుపై కొట్టినచో స్పష్టమైన శ్రుతి పలుకదు. దాని ధ్వనులు ఒకదానితోనొకటి పొత్తు కుదురవు. మృదంగపు కుడిమూతి నడుమ నల్లని పూత వేయుటచే తోలునకు తగినచోట బరువు చేరి, పైస్వరములు మూలస్వరమునకు రెండింతలు, మూడింతలు అను వరుసలోనికి వచ్చునని రామన్ గారు నిరూపించిరి. లెక్కలు తెలియని మన పూర్వులు కేవలము చెవిని నమ్మి ఆ పూతను కనుగొనిరి. తంబురకు తీగె క్రింద నూలుపోగు పెట్టుటలోని మర్మమును గూడ వారు పరిశీలించిరి. విజాపురపు గోల్ గుమ్మటమున గోడవెంట గుసగుస ఎట్లు ప్రాకిపోవుచున్నదో విచారించిరి. గోలకొండ ద్వారపు గుమ్మటము క్రింద చప్పట్లు కొట్టి కొండపైవారికి వినిపించు మన ముచ్చట సరిగా ఈ జాతిది కాకపోయినను, వినినపుడెల్ల రామన్ గారే తలపునకు వత్తురు.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయము పాలిత్ ఆచార్యపదవి నొసగెను. జీతము ఇంచుమించు సగమునకు తగ్గును. అయినను సర్కారు కొలువును వదలుకొనిరి. ఇంటగల ఇల్లాలు ఎంత గుండెనిబ్బరము చూపవలసివచ్చెనో చరిత్రకారులు తలంపరు.

1921లో సీమనుండి తిరిగివచ్చుచు ఓడపైనుండి మధ్యధరా సముద్రపు నీలిమను చూచిరి. సముద్రము నీలముగా కనబడుట ఆకాశపు ప్రతిబింబము వలననని రేలీ ప్రభువు వంటి ఘనుని అభిప్రాయము. రామన్ గారు జేబులోని చిన్న నికల్ పట్టకముతో నీటిపైని ప్రతిబింబపు మెరపును తొలగించి చూచిరి. నీలిమ పోలేదు సరికదా, ఇంకను చిక్కనైనది. నీటి అణువులే వెలుగును వెదజల్లుచున్నవని వారు తేల్చిరి. నీరు ఎరుపువన్నెను మ్రింగివేయుటయు ఇందులో పెద్దకారణమని నేడు తెలిసినది. మన చిల్కూరు చెంతనున్న గండిపేట జలాశయము వానకాలపు క్రొత్తనీటితో మట్టివన్నె దాల్చి, మరల తేరుకొనుటను చూచినవారు, నీటిలోనిదే నీటి రంగును నిర్ణయించునను మాటను సులభముగా గ్రహింతురు.

ఆ ప్రశ్నయే ఏడేండ్లకు ఫలించెను. కె. ఎస్. కృష్ణన్ గారి తోడ్పాటుతో ద్రవములగుండా వెలుగును పంపి పరీక్షించుచుండ, 1928 ఫిబ్రవరి 28వ తేదీన, పంపిన వన్నె గాక క్రొత్తవన్నెయు వెలువడుట స్పష్టముగా కనబడెను. అణువు తన కదలికకు కొంత శక్తిని పుచ్చుకొని మిగిలిన వెలుగును వదలుటయే దీని కీలకము. పుచ్చుకొనిన శక్తిని కొలిచినచో అణువు నిర్మాణము తెలియును. 1930లో నోబెల్ బహుమానము లభించెను. ఇప్పుడు మందులను, రత్నములను పరీక్షించుటకు ఈ పద్ధతినే వాడుచున్నారు.

ఆ వార్త విని కలకత్తాకు పరుగెత్తిన యువకులలో కృష్ణామండలమువారైన సూరి భగవంతముగారొకరు. హైదరాబాదు నిజాము కళాశాలలో చదివిన వీరు రామన్ గారి శిష్యులై, 1952 నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి.

1933లో రామన్ గారు బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షులైరి. వారు కోపధారులు, సహచరులతో కలహములు పెరిగి 1937లో ఆ పదవిని వీడిరి. కమలా భాగవత్ అను విద్యార్థినిని స్త్రీ యను కారణమున చేర్చుకొన నిరాకరించి, ఆమె పట్టుదలకు లొంగి యేడాది పరీక్షార్థము చేర్చుకొనిరి. ఆమె తరువాత కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము పొందినది. మహాపురుషుని జీవితమును వ్రాయునపుడు ఇట్టివి దాచుట తగదు.

1948లో స్వంతముగా స్థాపించిన సంస్థలో వారు పిల్లలను చీకటిగదిలోనికి తీసికొనిపోయి, కంటికి కానరాని కిరణములు సోకగా రాళ్లు రంగురంగులుగా వెలుగుటను చూపెడివారు. ఈనాడు ఇట్టివి మన పిల్లలు చేతిఫోనులో చలనచిత్రములుగా చూచుచున్నారు; మంచిదే, కాని రాతిని చేతబట్టి ప్రశ్నించుట వేరు. 1968 డిసెంబరులో అహమ్మదాబాదున ఆకాశము ఏల నీలమను విషయమున ఉపన్యసించిరి. అలపొడవు సగమైనచో గాలి అణువులు వెలుగును 16 రెట్లు ఎక్కువగా వెదజల్లునను సూత్రము పుస్తకములలో కలదు. వారు అంతటితో ఆగక, పున్నమిరేయి ఆకాశము నీలముగా కనబడదేమని శ్రోతలను ఆలోచింపజేసిరి. వెన్నెలలోను ఆకాశము నీలమే. అంత తక్కువ వెలుగులో మన కన్ను రంగును పట్టజాలదు.

ప్రతి సంవత్సరము గాంధీజయంతినాడు తమ సంస్థలో బహిరంగోపన్యాస మొసగు నియమమును వారు తప్పలేదు. 1970 అక్టోబరు 2వ తేదీన చెవి ధ్వనిని ఎట్లు గ్రహించునను విషయము ప్రసంగించిరి. అదియే చివరిది. ఆ యేడు నవంబరు 21న, 82వ యేట, పరమపదించిరి. వారి కోరిక ననుసరించి సంస్థ తోటలోనే, ఆడంబరము లేకుండ, దహనము జరిగెను.